తొలగించనంటున్నది ఎవరు?



కంప్యూటర్ వాడేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సంగతి ఇది. అక్కర్లేని ఫైలు ఒకటి ఉంటుంది. దాన్ని ఎంచుకుని డిలీట్ మీట నొక్కుతాం. అది పోదు. తెర మీద ఓ చిన్న పెట్టె వస్తుంది. ఒకసారి అనుమతి లేదంటుంది. ఇంకోసారి ఆ ఫైలు వేరే ప్రోగ్రాంలో తెరిచి ఉందంటుంది. మరోసారి మన కళ్లెదుట కనబడుతున్న ఫైలునే, అలాంటిది ఇక్కడ లేనే లేదంటుంది. అన్నిటికన్నా విడ్డూరం ఏమిటంటే, డిస్కులో కాస్త చోటు చేద్దామని తుడవబోతే, చోటు లేదు కాబట్టి తుడవలేనంటుంది.

ఈ మాటలను ఉన్నవి ఉన్నట్టుగా నమ్మి చేసే పనుల వల్ల చాలామంది నష్టపోతున్నారు. అనుమతి లేదనగానే మొత్తం ఫోల్డరు మీద అందరికీ అన్ని అధికారాలూ ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఆ తలుపు మళ్లీ వేసేవాళ్లు తక్కువ. పెన్‌డ్రైవ్ మాట వినడం లేదని ఫార్మాట్ చేసేస్తారు. అందులో పాప అన్నప్రాశన ఫొటోలు ఉన్నాయని, వాటికి రెండో కాపీ లేదని మర్నాడు గుర్తొస్తుంది. అందుకని ఈ సందేశాలను ఎలా చదవాలో ఈ పూట చెప్పాలనుకుంటున్నాను. పట్టుకోవలసింది ఒక్కటే. సందేశంలో పేరు ఫైలుదే ఉంటుంది గానీ, అడ్డం చాలాసార్లు ఆ ఫైలుది కాదు. ఫోల్డరు కాదంటుంది, లేదా ఇంకో ప్రోగ్రాం, లేదా డిస్కు కాదంటుంది. ఒక్కోసారి ఆ పేరే అడ్డుపడుతుంది. కాదంటున్నది ఎవరో తెలిస్తే చెయ్యాల్సిందేమిటో దానంతటదే తెలుస్తుంది.

ముందు ఆ వాక్యం ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. మనం డిలీట్ నొక్కినప్పుడు ఆ కోరిక నేరుగా డిస్కుకు చేరదు. తెర మీద ఫైళ్లు చూపించే ఎక్స్‌ప్లోరర్ దాన్ని ఆపరేటింగ్ సిస్టంకు గుండె లాంటి కెర్నెల్‌కు అందిస్తుంది. కెర్నెల్ నుంచి ఫైళ్ల లెక్క చూసే ఫైల్ సిస్టంకు, అక్కణ్ణుంచి డిస్కు డ్రైవరుకు, చివరికి డిస్కులోని కంట్రోలర్ చిప్‌కు వెళుతుంది. దారిలో యాంటీవైరస్ కూడా ఓ చూపు చూస్తుంది. వీళ్లలో ఎవరైనా కాదనవచ్చు. కాదన్నవాళ్లు కారణం వివరంగా రాసి పంపరు. ఒక అంకె మాత్రం పంపుతారు. లినక్స్‌లో ఆ అంకెలు సుమారు 130 ఉన్నాయి. 2 వస్తే అలాంటి ఫైలు లేదని, 13 వస్తే అనుమతి లేదని, 28 వస్తే చోటు లేదని అర్థం. ప్రపంచంలో ఉన్న అన్ని రకాల అవాంతరాలనూ ఈ కాసిని అంకెల్లోనే ఇమడ్చాలి. విండోస్ సంగతి కొంచెం వేరు. అక్కడ కెర్నెల్ లోపల వాడే కోడ్‌లు చాలా ఎక్కువ. కానీ అవి పైకి వచ్చేసరికి, వేర్వేరు కారణాలు కలిసిపోయి ఒకే అంకెగా మారతాయి. ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అని మనం చూసే 5వ నంబరు అలాంటిదే. దాని వెనక నిజంగా అధికారం లేకపోవడం ఉండవచ్చు. తొలగించబోయేది ఆ క్షణాన నడుస్తున్న ప్రోగ్రాం కావచ్చు. ఆ ఫైలును అప్పటికే తొలగించేసి ఉండవచ్చు కూడా. ఈ మూడింటికీ పైకి వినబడే మాట మాత్రం ఒకటే.

ఇప్పుడు అనుమతి సంగతి కాస్త నిదానంగా చూద్దాం. అందరూ ఎక్కువగా తడబడేది ఇక్కడే.

లినక్స్‌లోనూ, యూనిక్స్ వంశానికి చెందిన మిగతా సిస్టంలలోనూ ఫైలును తొలగించడమంటే ఆ ఫైలును ముట్టుకోవడం కాదు. ఫోల్డరు అనేది బడిలో హాజరుపట్టీ లాంటిది. అందులో పేర్లుంటాయి, ప్రతి పేరుకూ ఎదురుగా ఒక నంబరుంటుంది. ఆ నంబరు అసలు ఫైలు ఎక్కడుందో చూపిస్తుంది. తొలగించడమంటే పట్టీలోంచి పేరు కొట్టేయడం. పేరు కొట్టేయాలంటే పట్టీ మీద రాసే అధికారం ఉండాలి గానీ, ఆ పేరుగల పిల్లవాడి మీద కాదు.

దీన్ని మీరే చేసి చూడవచ్చు. మీ సొంత ఫోల్డరులో ఒక ఫైలు పెట్టి, దానికి రాసే అనుమతి పూర్తిగా తీసేయండి. చదవడానికి మాత్రమే ఉంచండి. ఇప్పుడు ఆర్‌ఎం కమాండుతో తొలగించబోతే, ఇది రక్షణ ఉన్న ఫైలు, నిజంగా తీసేయమంటారా అని అడుగుతుంది. వై అని కొట్టండి, పోతుంది. ఆ ప్రశ్న అడిగింది ఆర్‌ఎం ప్రోగ్రామే. మర్యాద కోసం అడిగింది. కెర్నెల్‌కు ఆ పనిలో అభ్యంతరమేమీ లేదు. ఆ ఫైలు యజమాని సాక్షాత్తు రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతా, అయినా సరే, ఫోల్డరు మీదైతే తొలగించే హక్కు మీకుంది. ఇప్పుడు తిరగేసి చూడండి. ఫైలు మీద అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చి, ఫోల్డరు మీద రాసే అనుమతి తీసేయండి. అప్పుడు అదే ఆర్‌ఎం, ఫైలు పేరు చెప్పి మరీ ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. పేరు ఫైలుది, అడ్డం ఫోల్డరుది. ఇది తెలియనివాళ్లు ఆ ఫైలు అనుమతులనే గంటల తరబడి మారుస్తూ కూర్చుంటారు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. అందరూ రాసుకునే టెంప్ లాంటి ఫోల్డర్లకు స్టికీ బిట్ అనే గుర్తు పెడతారు. అది ఉన్నచోట ఎవరి ఫైళ్లు వాళ్లే తీయాలి. లేదంటే ఫోల్డరు యజమానో, రూటో తీయాలి. అక్కడ వచ్చే మాట ‘పర్మిషన్ డినైడ్’ కాదు, ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’. ఈ రెండూ వినడానికి ఒకలాగే ఉన్నా లోపల అంకెలు వేరు. మొదటిది 13, రెండోది 1. 13 కనిపిస్తే మామూలు అనుమతుల వైపు, అంటే ముందుగా ఫోల్డరు వైపు చూడాలి. 1 కనిపిస్తే అనుమతులను మించిన నియమం ఏదో అడ్డుపడుతోందని అనుమానించాలి. రూట్ అధికారంతో అడిగినా ‘నాట్ పర్మిటెడ్’ అనే వస్తుంటే, ఆ ఫైలుకు ఎవరో మార్చరానిదన్న ముద్ర వేసి ఉండవచ్చు. ఎల్‌ఎస్‌ఏటీటీఆర్ అనే కమాండు ఇస్తే వరసలో ఐ అక్షరం కనిపిస్తుంది. ఆ ముద్ర తీయనిదే రూట్ కూడా ఏమీ చేయలేదు. ఆపిల్ కంప్యూటర్లలోనూ ఇలాంటిదే ఉంది. 2015లో వచ్చిన ఎల్ కాపిటన్ నుంచి సిస్టం ఫైళ్లకు విడిగా ఒక రక్షణ ఏర్పాటు చేశారు. అక్కడ రూట్ అధికారం కోరే సూడో కమాండు ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

విండోస్‌లో తీరు వేరు. అక్కడ ఫైలు మీద తొలగించే హక్కు ఉన్నా చాలు, ఫోల్డరు మీద లోపలివాటిని తొలగించే హక్కు ఉన్నా చాలు. అయినా చాలామంది ఎదుర్కొనే వింత ఒకటుంది. ‘ఈ ఫైలును మార్చడానికి మీకు ఫలానావారి అనుమతి కావాలి’ అని వస్తుంది. ఆ ఫలానావారు ఎవరా అని చూస్తే, అక్కడున్నది మన పేరే. లేదా అడ్మినిస్ట్రేటర్లు అని ఉంటుంది, మనం ఆ గుంపులోనే ఉంటాం. విస్టా కాలం నుంచి విండోస్ ఒక జాగ్రత్త పాటిస్తోంది. మీరు అడ్మినిస్ట్రేటర్ అయినా, రోజువారీ పనుల్లో మీ ప్రోగ్రాములు మామూలు వినియోగదారు అధికారంతోనే నడుస్తాయి. పూర్తి అధికారం కావాలంటే ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అని విడిగా కోరాలి. కాబట్టి ఆ పెట్టె అడిగేది మీరు ఎవరని కాదు, మీ అధికారాన్ని ఈ పనికి వాడుతున్నారా లేదా అని. ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనుమతి కావాలని వస్తే మాత్రం ఆగిపోండి. అది విండోస్ సొంత ఫైలు. దాన్ని లాక్కోవడం ఎలాగో చెప్పే చిట్కాలు చాలా తిరుగుతున్నాయి. వాటి జోలికి పోకండి.

ఫైలు వాడకంలో ఉందన్న సందేశం వీటన్నిటిలోకీ నిజాయితీ గలది. కానీ సగమే చెబుతుంది. ఏ ప్రోగ్రాం వాడుతోందో ఒక్కోసారి చెప్పదు. అన్నీ మూసేశాం కదా అని మనం విసుక్కుంటాం. ఫొటో మూసేసినా ఎక్స్‌ప్లోరర్ కుడిపక్క దాని ప్రివ్యూ చూపిస్తూ ఉండవచ్చు. ఫోల్డరును తీసేద్దామంటే, ఓ మూలన తెరిచి మరిచిపోయిన కమాండ్ కిటికీ ఆ ఫోల్డరులోనే నిలబడి ఉండవచ్చు. ఫైలు ఏదీ తెరవకపోయినా ఆ ఫోల్డరు వాడకంలో ఉన్నట్టే లెక్క. పట్టుకున్నది ఎవరో కనుక్కునే ఏర్పాటు విండోస్‌లోనే ఉంది. రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ పేజీలో అసోసియేటెడ్ హ్యాండిల్స్ అన్నచోట ఫైలు పేరు కొట్టండి, ప్రోగ్రాం పేరు వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో ఫైల్ లాక్‌స్మిత్ అని ఒకటుంది, అది ఇంకా సులువు. లోతుగా చూడాలనుకునేవారికి మార్క్ రస్సినోవిచ్ రాసిన ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఉంది.

ఇందాక 5వ నంబరు గురించి చెబుతూ, తొలగించేసిన ఫైలుకు కూడా అనుమతి లేదని వస్తుందన్నాను. అదెలాగంటే, ఒక ప్రోగ్రాం ఫైలును తెరిచి, ఎవరైనా తొలగిస్తే నాకు అభ్యంతరం లేదని ముందే చెప్పి పెట్టుకుంటుంది. యాంటీవైరస్‌లు, ఫైళ్లను వెతికే సర్వీసులు ఇలా చేస్తుంటాయి. మీరు డిలీట్ అంటారు, విండోస్ సరే అంటుంది. కానీ ఆ ప్రోగ్రాం చెయ్యి వదిలేదాకా పేరు ఫోల్డరులోనే ఉంటుంది. పోలేదేమిటని మీరు మళ్లీ తెరవబోతే, మళ్లీ తొలగించబోతే ‘యాక్సెస్ డినైడ్’. అడ్మినిస్ట్రేటర్‌గా వచ్చినా అదే మాట. ఎందుకంటే ఇది అధికారానికి సంబంధించిన గొడవే కాదు. ఆ ప్రోగ్రాం మూసుకుంటే, లేదా కంప్యూటర్ ఒకసారి రీస్టార్ట్ చేస్తే, ఎవరూ ఏమీ చేయకుండానే ఆ ఫైలు మాయమవుతుంది. విండోస్ 10 వచ్చాక విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టం ఉన్న డిస్కుల మీద ఈ పద్ధతి మెరుగుపరిచారు. అయినా పాత యంత్రాల్లో, ఇతర డిస్కుల్లో ఇంకా కనిపిస్తుంది.

లినక్స్‌లో ఇదే పరిస్థితి ఇంకోలా ఉంటుంది. అక్కడ వాడుకలో ఉన్న ఫైలు పేరు కూడా వెంటనే పోతుంది, ఫిర్యాదేమీ రాదు. కానీ పట్టుకున్న ప్రోగ్రాం వదిలేదాకా చోటు ఖాళీ కాదు. సర్వర్లు చూసుకునేవాళ్లకు ఇది తెలిసిన బాధే. డిస్కు నిండిందని పెద్ద లాగ్ ఫైలు తీసేస్తారు. డీఎఫ్ కమాండు ఇంకా నూటికి నూరు శాతం నిండే ఉందంటుంది. డీయూ కమాండుతో కూడి చూస్తే అంత సరుకు కనబడదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ అనే కమాండు అడిగితే, పేరు పోయినా ఫైలును పట్టుకుని కూర్చున్న ప్రోగ్రాం ఏదో చెబుతుంది. దాన్ని రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగొస్తుంది.

చోటు మాట వచ్చింది కాబట్టి, తుడవడానికే చోటు లేదనడం ఎలా సాధ్యమో కూడా చూద్దాం. జడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టంలు ఉన్నాయి. అవి పాత సమాచారం మీద కొత్తది మామూలుగా రాయవు. ఏ మార్పు చేసినా ఖాళీ జాగాలో కొత్త ప్రతి రాసి, ఆ తర్వాతే పాతదాన్ని వదిలేస్తాయి. కరెంటు పోయినా సమాచారం చెడిపోకుండా కాపాడే మంచి పద్ధతి అది. అయితే తొలగింపు కూడా ఒక మార్పే. ఫోల్డరు కొత్త ప్రతి రాయాలి, దానికి కొద్దిపాటి జాగా కావాలి. డిస్కు పూర్తిగా నిండితే ఆ కాస్తా దొరకదు. కాబట్టి ఆ సందేశం అబద్ధం కాదు, అక్షరాలా నిజం. ఇప్పటి జడ్‌ఎఫ్‌ఎస్ ఇందుకోసం కొంత జాగా ముందే పక్కన పెట్టుకుంటుంది. అయినా ఇరుక్కుంటే, అక్కర్లేని పెద్ద ఫైలు ఒకదాన్ని తొలగించకుండా, దాని లోపలి సరుకును సున్నాకు కుదించి చూడండి. దాని పాత ప్రతి, డిస్కు అప్పటి స్థితిని దాచి ఉంచే ఏ స్నాప్‌షాట్‌లోనూ దాగి లేకపోతే కాస్త జాగా వస్తుంది. ఆ తర్వాత మిగతావి మామూలుగా తొలగించవచ్చు.

ఇక పేర్లే అడ్డుపడే చోట్లు. విండోస్‌లో ఫైలు దారి, అంటే డ్రైవ్ అక్షరం నుంచి ఫైలు పేరు దాకా మొత్తం, 260 అక్షరాల లోపు ఉండాలన్న పాత హద్దు ఉంది. దాన్ని మించిన ఫైలును తొలగించబోతే, ఇంత పెద్ద పేరును ఫైల్ సిస్టం భరించదని విండోస్ 7 లాంటివి చెప్పేవి. ఎన్‌టీఎఫ్‌ఎస్ దాదాపు 32 వేల అక్షరాల దారిని భరిస్తుంది. భరించనిది పైనున్న ఎక్స్‌ప్లోరర్. నింద మాత్రం ఫైల్ సిస్టం మీద పడేది. పై ఫోల్డర్ల పేర్లు ఒక్కొక్కటే ఒక అక్షరానికి కుదించుకుంటూ రండి, దారి హద్దులోకి వస్తుంది. పేరు చివర ఖాళీ గానీ, చుక్క గానీ ఉన్న ఫైళ్లది మరో ఇబ్బంది. లినక్స్ నుంచో, మ్యాక్ నుంచో అవి వస్తుంటాయి. విండోస్ ఆ చివరి ఖాళీని కత్తిరించి, మిగిలిన పేరుతో వెతుకుతుంది. ఆ పేరుతో ఫైలు ఉండదు. అందుకే కనబడుతున్న ఫైలునే లేదంటుంది. కమాండ్ కిటికీలో దారికి ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఒక ప్రశ్నార్థకం, మళ్లీ ఒక బ్యాక్‌స్లాష్ పెడితే, పేరును కత్తిరించకుండా ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. అప్పుడు తొలగిపోతుంది.

తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకు ఈ ‘లేదు’ మరోలా ఎదురవుతుంది. ‘హైదరాబాద్‌లో’ అని టైపు చేసేటప్పుడు, దకారం కింద లకారం వత్తుగా చేరిపోకుండా మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం వేస్తాం. ‘ఆఫీస్’ లాంటి పొల్లు మాట చివర కూడా అది ఉండిపోతే, చూడటానికి ఏ తేడా ఉండదు. కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. ఐత్వం సంగతీ అంతే. ‘వైద్యం’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వం ఒకటి, దాని కింది భాగం ఒకటి కలిపి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. మ్యాక్‌లోని పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కులు పేర్లను విడగొట్టిన రూపంలోనే దాచుకునేవి. అక్కణ్ణుంచి లినక్స్‌కు వచ్చిన ఫైలు పేరును మీరు ఎంత శుద్ధంగా టైపు చేసినా, అలాంటి ఫైలు లేదనే వస్తుంది. అలాంటప్పుడు పేరు టైపు చేయకండి. మౌస్‌తో ఎంచుకోండి. లేదా ఒకటి రెండు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది కంప్యూటరే పూరిస్తుంది. అదీ కుదరకపోతే, హాజరుపట్టీలో పేరుకు ఎదురుగా ఉంటుందన్న ఆ నంబరు, అంటే ఐనోడ్ నంబరు కనుక్కుని, ఫైండ్ కమాండుతో ఆ నంబరు ద్వారా తొలగించవచ్చు.

చివరిగా, అన్నిటికన్నా ప్రమాదకరమైన సందేశం గురించి. ‘డిస్క్ ఈజ్ రైట్ ప్రొటెక్టెడ్’ అని విండోస్, ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టం’ అని లినక్స్ అంటాయి. ఎవరో తాళం వేసినట్టు వినబడుతుంది. ఎస్‌డీ కార్డు పక్కనుండే చిన్న మీట కిందికి జరిగి ఉంటే అది నిజమే. మీట పైకి జరపండి, సరిపోతుంది. అది కాకపోతే మాత్రం ఎక్కువసార్లు ఆ మాటకు అర్థం డిస్కు జబ్బు పడిందని. లినక్స్ తన ఫైల్ సిస్టంలో తప్పులు కనబడగానే, ఇంకా రాస్తే మిగిలినదీ చెడుతుందని, తనకుతానే చదవడానికి మాత్రమే అనే స్థితికి మారేలా చాలాచోట్ల ఏర్పాటు ఉంటుంది. డీఎంఈఎస్‌జీ కమాండు ఇస్తే అసలు కారణం అక్కడ రాసి ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల్లో ఫ్లాష్ చిప్ అరిగిపోయినప్పుడు వాటి కంట్రోలర్ కూడా ఇలాగే రాతను ఆపేస్తుంది. కొన్ని కార్డులు ఆ ముక్క చెప్పను కూడా చెప్పవు. ఫోన్‌లో ఫొటోలు తొలగిస్తాం, పోయినట్టే కనబడతాయి. ఫోన్ ఆపి మళ్లీ వేస్తే అన్నీ మళ్లీ ప్రత్యక్షమవుతాయి. అలా జరిగితే ఆ కార్డుకు కాలం తీరిందని అనుకోవచ్చు.

ఈ దశలో రిజిస్ట్రీలో ఏదో మార్చమని, డిస్క్‌పార్ట్‌తో తాళం తీయమని, ఫార్మాట్ చేయమని సలహాలు దొరుకుతాయి. కంట్రోలర్ వేసిన తాళాన్ని అవేవీ తీయలేవు. చదవగలిగే స్థితి ఉండగానే ఉన్నదంతా ఇంకోచోటికి కాపీ చేసుకోండి. రిపేరు ప్రోగ్రాములు ఏవైనా ఉంటే ఆ తర్వాతే. కాపీ అయ్యాక ఇంకో జాగ్రత్త ఉంది. అలా మూసుకుపోయిన పెన్‌డ్రైవ్‌లో మీ ఆధార్ కాపీలు, పాస్‌బుక్ స్కాన్‌లు ఉంటే, వాటిని మీరు తుడవలేరు, కానీ దొరికినవాళ్లు ఎవరైనా చదవగలరు. దాన్ని మరమ్మతుకు ఇవ్వకండి, అలాగే చెత్తలో పడేయకండి. పై కవచం విప్పి, లోపలున్న నల్లటి చిప్‌ను రెండు ముక్కలుగా విరిచి, ఆ తర్వాత ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.